ఇంజెక్షనా, మాత్రా, పాత మందా: అటోపిక్ డెర్మటైటిస్‌లో సిగ్నల్‌ని ఎక్కడ ఆపాలి?

"రెండు వారాలకోసారి ఇంజెక్షన్ అన్నారు. కాదంటే రోజూ ఒక మాత్ర అన్నారు. ఖర్చు భరించలేకపోతే పాత మందు కూడా ఉందన్నారు. ఏది మంచిది?" అటోపిక్ డెర్మటైటిస్, అంటే ఏళ్ల తరబడి దురద, ఎరుపుతో వేధించే ఎగ్జిమా, ముదిరినవాళ్లకి స్కిన్ డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక మిగిలే ప్రశ్న ఇది. చాలామంది ఏది ఎక్కువ పవర్‌ఫుల్ అని ఆరా తీస్తారు. నేనైతే ముందు ఇంకో రెండు అడగమంటాను. దురద పుట్టించే సిగ్నల్‌ని ఈ మందు ఎక్కడ ఆపుతుంది? అక్కడ ఆపితే నా ఒంటిలో ఇంకేమేం ఆగుతాయి? వీటికి జవాబు తెలిస్తే దురద ఎంత త్వరగా తగ్గుతుందో, రక్తపరీక్షలు ఎందుకు చేయిస్తున్నారో, ఎవరికి ఏ మందు పడదో చాలావరకు తెలిసిపోతుంది.

దానికంటే ముందు ఒక మాట. మాయిశ్చరైజర్, ఆయింట్‌మెంట్లు సరిగ్గా వాడినా లొంగని జబ్బు గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాను. ఆ "సరిగ్గా" దగ్గరే సగం మంది ఆగిపోతారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉంటాయి. 2018లో ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములకి ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి చేసింది. అయినా చీటీ లేకుండా అమ్మకం ఆగలేదు. తామర మీద స్టెరాయిడ్ పూస్తే ఎరుపు తగ్గినట్టే కనబడుతుంది, లోపల ఫంగస్ పాకుతూనే ఉంటుంది. ఇంట్లో నలుగురికీ రాత్రిపూట దురద ఉంటే అది గజ్జి కావచ్చు. ఈ రెండూ కాదని డాక్టరు చూసి తేల్చాకే ఖరీదైన మందుల మాట. గజ్జికి బయోలాజిక్ (ప్రొటీన్‌తో తయారైన మందు) ఇంజెక్షన్ వేయించుకున్నా ఫలితం ఉండదు.

లోపల ఏం జరుగుతోంది

చర్మం పైపొర గట్టిగా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. దాని జన్యువులో లోపం ఉన్నవాళ్లకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. పొర సందుల్లోంచి దుమ్ము, క్రిములు లోపలికి పోతే చర్మకణాలు టీఎస్‌ఎల్‌పీ లాంటి హెచ్చరిక సంకేతాలు పంపుతాయి. వాటికి స్పందించి టీ-హెచ్2 రకం తెల్లరక్తకణాలు రంగంలోకి దిగి ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31 అనే రసాయనాలు విడుదల చేస్తాయి. 4, 13 చర్మం ఎర్రబడేలా చేసి, పైపొరని ఇంకా బలహీనపరుస్తాయి. 31 నేరుగా నరాలని కదిపి దురద పుట్టిస్తుంది. గోకితే పొర మళ్లీ చిట్లుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ రసాయనాలు కణం బయట ఉన్న గ్రాహకాలకి (రిసెప్టర్లకి) అతుక్కుంటాయి. అక్కణ్ణుంచి కబురు లోపలికి తీసుకెళ్లేవి జాక్ అనే ఎంజైములు. ఇవి నాలుగు: జాక్1, జాక్2, జాక్3, టైక్2. ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31, 22, ఇంకా టీఎస్‌ఎల్‌పీ, వీటిలో ఏ సంకేతమైనా దాదాపుగా జాక్1 గుండానే పోతుంది. కరెంటు భాషలో చెప్పాలంటే, గ్రాహకం దగ్గర అడ్డుపడే ఇంజెక్షన్ ఒక గది స్విచ్ ఆపడం, జాక్ మాత్ర వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆపడం. రెండో పద్ధతిలో ఆ గదిలో లైటు ఠక్కున ఆరుతుంది. కాకపోతే వీధిలో వైరస్‌ల మీద, టీబీ మీద కాపలా కాసే ఇళ్లు కూడా ఉన్నాయి.

డుపిలుమాబ్, జాక్ మాత్రలు: ముఖాముఖి

ఇంజెక్షన్ మందైన డుపిలుమాబ్‌కి అమెరికాలో పెద్దల అటోపిక్ డెర్మటైటిస్ కోసం 2017 మార్చిలో అనుమతి వచ్చింది. 4, 13 రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గ్రాహకాన్ని ఇది మూసేస్తుంది. పెద్దలకి మొదట 600 మిల్లీగ్రాములు, అంటే ఒకేసారి రెండు ఇంజెక్షన్లు, తర్వాత రెండు వారాలకోసారి 300. జాక్1 మాత్రలైన ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ రెండూ అక్కడ 2022 జనవరిలో వచ్చాయి. అబ్రోసిటినిబ్ 2024లో ఇండియా మార్కెట్లోకీ వచ్చింది.

ఈ రెండు రకాలనీ ఎదురెదురుగా పెట్టి చూసిన పరీక్షలు ఉండటం మన అదృష్టం. 2021లో వెలువడిన జేడ్ కంపేర్ ట్రయల్‌లో రెండో వారానికే దురద బాగా తగ్గినవాళ్లు అబ్రోసిటినిబ్ 200 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో 49 శాతం, 100 వేసుకున్నవారిలో 32 శాతం, డుపిలుమాబ్ తీసుకున్నవారిలో 26 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 14 శాతం. హెడ్స్ అప్ అనే ఇంకో ట్రయల్‌లో 16 వారాలకి జబ్బు తీవ్రత ముప్పాతిక వంతు తగ్గినవాళ్లు ఉపాడాసిటినిబ్ 30 మిల్లీగ్రాముల వైపు 71 శాతం, డుపిలుమాబ్ వైపు 61 శాతం.

అంకెలు చూసి మాత్రే గెలిచిందని తేల్చేయకండి. హెడ్స్ అప్‌లో ఆ తేడా 24వ వారానికి బాగా తగ్గిపోయింది. జేడ్ కంపేర్‌లోనూ 16వ వారం దగ్గర 100 మిల్లీగ్రాముల మాత్ర, డుపిలుమాబ్ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. మొదటి నెల పరుగులో మాత్ర ముందుంటుంది, ఆరు నెలల నడకలో ఇంజెక్షన్ వెనకాలే వచ్చేస్తుంది. నెల రోజులుగా కంటిమీద కునుకు లేనివాళ్లకి ఆ మొదటి నెల చాలా విలువైంది. కానీ ఈ జబ్బు ఏళ్ల తరబడి సాగేది, మందు ఆపితే చాలామందికి తిరగబెట్టేది. అందుకే మొదటి నెల లెక్క ఒక్కటే చూసుకుని మందు ఎంచుకోవడం నాకు నచ్చదు.

డుపిలుమాబ్‌తో ఎక్కువగా వచ్చే ఇబ్బంది కళ్లు ఎర్రబడి మండటం, కండ్లకలక లాంటిది. కంటిలో వేసుకునే చుక్కలతో చాలామందికి సర్దుకుంటుంది, కొందరికి కంటి డాక్టరు అవసరమవుతుంది. కొందరికి ముఖం, మెడ ఎర్రబడతాయి. మామూలు రక్తపరీక్షలతో పని లేదు. ఊరికి దూరంగా, నెలనెలా ల్యాబ్‌కి వెళ్లలేని చోట ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కడుపులో నులిపురుగులు ఉంటే మాత్రం ముందు వాటికి మందు వేసుకోవాలి, ఎందుకంటే 4, 13 సంకేతాలు పురుగుల మీద పోరాటంలోనూ పాల్గొంటాయి.

ఈ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. బయట ఉంచితే 25 డిగ్రీలు దాటకుండా 14 రోజుల వరకే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది మధ్యాహ్నం పూట 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బా తప్పనిసరి. పొడిచేముందు 300 మిల్లీగ్రాముల సిరంజిని బయటపెట్టి 45 నిమిషాలు ఆగాలి. వేడినీళ్లలో ముంచకూడదు, ఎండలో పెట్టకూడదు. చల్లగా ఉండగానే పొడుచుకుంటే నొప్పి ఎక్కువ. ఇంజెక్షన్ అంటే భయమనే వాళ్లలో కొందరికి అసలు ఇబ్బంది ఈ తొందరపాటే.

ఇక జాక్ మాత్రలు. వీటితో సాధారణంగా కనిపించేవి మొటిమలు, తలనొప్పి, అబ్రోసిటినిబ్‌తో వికారం (అన్నం తిన్నాక వేసుకుంటే కొంత నయం), కొలెస్ట్రాల్ పెరగడం, అక్కి లేవడం. 50 దాటినవాళ్లు మొదలుపెట్టేముందు అక్కి టీకా గురించి అడగాలి. 2023 నుంచి రీకాంబినెంట్ టీకా మన దగ్గర దొరుకుతోంది, అది ప్రాణంలేని టీకా కాబట్టి పనికొస్తుంది. ప్రాణమున్న టీకాలు మాత్రం ఈ మాత్రలు వాడుతున్నప్పుడు కుదరవు.

అందరినీ టెన్షన్ పెట్టేది ప్యాకెట్‌లో ఉన్న కాగితం మీద నల్లగీతల డబ్బా. గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, క్యాన్సర్, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు అని అందులో రాసి ఉంటుంది. ఆ హెచ్చరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. కీళ్లవాతం ఉండి, 50 ఏళ్లు దాటి, గుండెజబ్బుకి దారితీసే అంశం కనీసం ఒకటి ఉన్నవాళ్లలో టోఫాసిటినిబ్ అనే ఇంకో జాక్ మాత్ర మీద జరిగిన ఓరల్ సర్వైలెన్స్ అధ్యయనం దానికి మూలం. 2021 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కీళ్లవాతం లాంటి జబ్బులకి వాడే జాక్ మాత్రలన్నిటికీ ఆ హెచ్చరికని వర్తింపజేసింది. ఆ తర్వాత చర్మానికి వచ్చిన వాటికీ అదే పెట్టింది. కాబట్టి పాతికేళ్ల ఆరోగ్యవంతుడైన కుర్రాడికీ, షుగరూ బీపీ ఉండి రోజుకో ప్యాకెట్ కాల్చే 58 ఏళ్ల పెద్దమనిషికీ ఆ కాగితం ఒకే అర్థం చెప్పదు. రెండో ఆయనకి, వేరే దారి ఉన్నంతవరకూ, జాక్ మాత్ర వద్దనే అంటాను. యూరప్ మందుల సంస్థ సలహా కూడా అదే: 65 దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు, గుండె లేదా క్యాన్సర్ ముప్పు ఉన్నవాళ్లకి వేరే మందు లేనప్పుడే.

మన దగ్గర లెక్క మార్చే రెండు విషయాలు

మొదటిది టీబీ. ప్రపంచంలో టీబీ రోగులు అందరికంటే ఎక్కువ ఉన్న దేశం మనదే. జబ్బు పైకి కనబడకుండా క్రిమి లోపల నిద్రపోతున్నవాళ్లు మనలో చాలామంది. జాక్ మాత్ర మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం మాంటూ చర్మపరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించకుండా "రేపట్నుంచి వేసుకోండి" అంటే ఒక్కసారి ఆగి అడగండి. నిద్రాణ టీబీ ఉందని తేలితే ముందు దానికి కోర్సు ఉంటుంది. ఆ కోర్సులో రిఫాంపిసిన్ ఉంటే అది ఉపాడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ మోతాదుని ఒంట్లో బాగా తగ్గించేస్తుంది. చర్మం డాక్టరు, ఛాతీ డాక్టరు మాట్లాడుకుని ఏ కోర్సో తేల్చాలి. డుపిలుమాబ్‌కి టీబీ పరీక్ష తప్పనిసరి కాదు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి పోయి ఉంటే ఆ ఒక్క కారణంతోనే నేను ఇంజెక్షన్ వైపు మొగ్గుతాను.

రెండోది ఫంగస్ మాత్రలు. విదేశీ సలహాల్లో దీని గురించి పెద్దగా రాయరు, మన దగ్గర మాత్రం ఇంటింటి సంగతి. తామరకి ఫ్లుకొనజోల్, ఇట్రాకొనజోల్ మాత్రలు వారాల తరబడి వాడేవాళ్లు కోకొల్లలు. అబ్రోసిటినిబ్‌ని ఒంట్లోంచి బయటికి పంపే రెండు దారులనీ ఫ్లుకొనజోల్ మూసేస్తుంది. మందు పేరుకుపోతుంది, అందుకే ఆ రెండూ కలిపి వాడొద్దనే చెబుతారు. ఇట్రాకొనజోల్, క్లారిత్రోమైసిన్‌లు ఉపాడాసిటినిబ్ స్థాయిని పెంచుతాయి, వాటితోపాటు వాడాల్సివస్తే 15 మిల్లీగ్రాములు దాటకూడదు. కింద చెప్పబోయే పాత మందు సైక్లోస్పోరిన్‌ దగ్గరా ఇదే గొడవ. జాక్ మాత్ర వాడుతూ తొడ సందులో దురద మొదలైందని పక్క వీధి షాపులో ఫంగస్ మాత్ర కొనుక్కోవడం చిన్న పనిలా కనిపిస్తుంది. కొనేముందు మీ ప్రిస్క్రిప్షన్ ఫోటో ఆ షాపతనికి చూపించండి. డుపిలుమాబ్‌తో ఈ రకం గొడవలు లేవు.

చవకైన జాక్‌ల సంగతి

టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ జెనరిక్‌లు మన దగ్గర విరివిగా దొరుకుతాయి. 2021 కోవిడ్ సమయంలో బారిసిటినిబ్ తయారీకి లైసెన్సులు తెచ్చుకున్న కంపెనీల్లో హైదరాబాద్ సంస్థలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎమ్‌ఎస్‌ఎన్ ఉన్నాయి. ధర అందుబాటులో ఉండటంతో చర్మ డాక్టర్లు వీటిని రాస్తున్నారు. బారిసిటినిబ్‌కి యూరప్‌లో అటోపిక్ డెర్మటైటిస్‌కి 2020లోనే అనుమతి ఉంది, అమెరికాలో ఈ జబ్బుకి లేదు. టోఫాసిటినిబ్ మాత్రకి ఆ రెండు చోట్లా ఈ జబ్బుకి అనుమతి లేదు.

బారిసిటినిబ్ జాక్1తో పాటు జాక్2నీ ఆపుతుంది. రక్తకణాల తయారీ కబురు జాక్2 ద్వారానే వెళుతుంది కాబట్టి హిమోగ్లోబిన్, కణాల సంఖ్య మీద కన్నేసి ఉంచాలి. దురదని తగ్గించడంలో ఇది ఉపాడాసిటినిబ్ అంత గట్టిది కాదు. కానీ తలవెంట్రుకలు కుచ్చులుగా రాలే అలోపేషియా ఏరియేటా కూడా ఉన్న మనిషికి ఒకే మాత్రతో రెండు పనులూ అవుతాయి. తీవ్రమైన అలోపేషియాకి 2022లో దీనికి అమెరికాలో కూడా అనుమతి వచ్చింది. వెంట ఉన్న జబ్బుని బట్టి మందు ఎంచుకోవడం అన్నిటికంటే తెలివైన పని అని నా నమ్మకం. ఆస్తమా, ముక్కులో పాలిప్స్ ఉంటే డుపిలుమాబ్. కీళ్లవాతమో అల్సరేటివ్ కొలైటిసో (పెద్దపేగు పుండ్ల జబ్బు) ఉంటే ఉపాడాసిటినిబ్.

పాత మందులు ఇంకా బతికే ఉన్నాయి

బయోలాజిక్ నెల ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది. ఇంట్లోనే పొడుచుకునే మందు కాబట్టి, ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చే ఆరోగ్య బీమాలు దీనికి అక్కరకు రావు. అందుకే తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి అసలైన పోలిక సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ మధ్యే.

సైక్లోస్పోరిన్ టీ కణం (ఒక రకం తెల్లరక్తకణం) లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైముని ఆపుతుంది. రెండు నుంచి ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది. జబ్బు భగ్గుమన్నప్పుడు అదుపు చేయడానికి మంచిది, కానీ బీపీ పెంచుతుంది, కిడ్నీలకి బరువు. అందుకే సాధారణంగా ఏడాదికి మించి సాగనివ్వరు. బీపీ, క్రియాటినిన్ పరీక్షలు మానేసి ఇది వాడటం కంటే అసలు వాడకపోవడం నయం.

మెథోట్రెక్సేట్ నిదానం, పని చేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, కానీ ఎక్కువ కాలం నడుస్తుంది, ఖర్చు వందల్లోనే. దీంతో జరిగే ప్రాణాంతక పొరపాట్లలో ముఖ్యమైనది: వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సినది రోజూ వేసుకోవడం. స్ట్రిప్ మీద పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని రాసిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రలు సర్దే డబ్బాలో దీన్ని కలపకండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. గర్భం అనుకుంటున్న ఆడవాళ్లకి ఇది అసలు పనికిరాదు, జాక్ మాత్రలూ వద్దు. వాళ్ల విషయంలో సైక్లోస్పోరిన్, కొన్నిసార్లు డుపిలుమాబ్ చర్చకి వస్తాయి, గైనకాలజిస్టుని కలుపుకునే నిర్ణయం తీసుకోవాలి.

అజాథయోప్రిన్ అనే ఇంకో పాత మందు రాస్తే టీపీఎమ్‌టీ పరీక్షతో పాటు ఎన్‌యూడీటీ15 (NUDT15) జన్యుపరీక్ష కూడా అడగండి. భారతీయుల్లో తెల్లకణాలు హఠాత్తుగా పడిపోవడానికి రెండోదే ఎక్కువగా కారణం.

నోటి స్టెరాయిడ్ మాత్రలు అయిదు రోజుల్లో అద్భుతం చేస్తాయి. ఆపగానే చాలామందికి మళ్లీ గట్టిగా తిరగబెడుతుంది. దాన్నే ప్రధాన మందుగా నెలల తరబడి రాసే డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి.

పూతమందుల్లో

ముఖం, కనురెప్పలు, మడతల్లో స్టెరాయిడ్ కంటే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ మేలు, పిల్లలకి 0.03 శాతం, 16 దాటితే 0.1. మొదటి కొన్ని రోజులు మండుతుంది. అది ఎలర్జీ అనుకుని చాలామంది మానేస్తారు, వారం ఓపిక పడితే తగ్గుతుంది. క్రిసాబొరోల్ పీడీఈ4 ఎంజైముని ఆపుతుంది, తేలికపాటి జబ్బుకి సరే, అంతకు మించి ఆశించకండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి రక్సోలిటినిబ్ క్రీమ్ ఉంది, జాక్ మాత్రని పూతగా మార్చినట్టు. ఒంట్లో 20 శాతం చర్మం దాటి పూయకూడదు. రోఫ్లుమిలాస్ట్, టాపినారోఫ్ క్రీములు కూడా 2024లో అక్కడ ఈ జబ్బుకి వచ్చాయి. ఏ పూతయినా కొలత ఒకటే: చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకూ పిండిన మందు వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది.

మిగతా ఇంజెక్షన్ల గురించి రెండు ముక్కలు చాలు. ట్రాలోకినుమాబ్, లెబ్రికిజుమాబ్‌లు 13ని ఒక్కదాన్నే పడతాయి. లెబ్రికిజుమాబ్ 16 వారాల తర్వాత నెలకోసారి చాలు. నెమోలిజుమాబ్ 31 గ్రాహకాన్ని మూస్తుంది, దురదే ప్రధాన బాధ అయినవాళ్లకి ఆలోచించవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లకే ఇవి ఎక్కువగా అందుతాయి. అక్కడి బీమా కంపెనీలు ముందు పూతమందులు వాడి చూశారా అని అడుగుతాయి. వాడిన మందుల పేర్లు, తేదీలు రాసి పెట్టుకుంటే ఆమోదం తొందరగా వస్తుంది.

చిన్నపిల్లలకి మాత్రం పోలిక దాదాపు ఏకపక్షం. అమెరికాలో డుపిలుమాబ్‌కి 2022 నుంచి ఆరు నెలల పసివాళ్ల వరకూ అనుమతి ఉంది, జాక్1 మాత్రలకి 12 ఏళ్లు నిండాలి. ఇక్కడ మీ బిడ్డ వయసుకి అనుమతి ఉందో లేదో డాక్టర్నే అడగండి.

ఏది మొదలుపెట్టినా 16 వారాలు గడువు పెట్టుకోండి. దురద, నిద్ర, రక్తం కారడం లాంటి ఏడు ప్రశ్నలతో పోయమ్ అనే స్కోరు ఉంది, మొత్తం 28. మందు మొదలుపెట్టే రోజు ఒకసారి, తర్వాత నెలకోసారి రాయండి, అదే వెలుతురులో అవే చోట్ల ఫోటోలు తీయండి. నాలుగు పాయింట్లు కూడా తగ్గకపోతే, "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనే ముందు మందు మార్చే మాట మీరే ఎత్తండి. అన్నట్టు, చర్మం మీద ఒక్కసారిగా చిన్న చిన్న నీటిబుడగలు గుంపుగా లేచి జ్వరం వస్తే అది హెర్పీస్ వైరస్ కావచ్చు. అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి, అదే రోజు డాక్టరుకి చూపించాలి.